తమ్ముడికిచ్చిన పాలు

నేను తొలిచూలు పురిటికి పుట్టింటికి వెళ్ళేసరికి మా అమ్మ కూడా నిండు చూలాలే. ఆ సంగతి నాకు ముందు తెలియదు. పెనుగొండ దగ్గర మా అత్తవారి ఊరు. అక్కణ్ణించి కాలవలో పడవెక్కి, ధవళేశ్వరం ఎగువన గోదావరి దాటి, మళ్ళీ తూర్పు కాలవలో దిగువకి వచ్చి ద్రాక్షారామం దాపునున్న మా ఊరి రేవులో దిగాను. ఎదురు రావలసిన అమ్మ రాలేదు. నాన్న ఒక్కడే బండి కట్టుకుని వచ్చాడు.

"అమ్మకి ఒంట్లో బాలేదా నాన్నా?"

నాన్న ఎడ్ల కాడి సర్దుతూ నా వైపు చూడకుండానే, "బానే ఉందమ్మా. ఇంటికెళ్ళాక నువ్వే చూద్దువుగాని" అన్నాడు.

చూశాను. అమ్మ వంటింటి గడప లోపలే నిలబడి ఉంది. పైట నిండా కప్పుకున్నా కడుపు దాగలేదు. నన్ను చూసి నవ్వబోయి, నవ్వలేక తల దించుకుంది. నాకు అప్పటికి పదహారేళ్ళు. అమ్మకి ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. ఆ రోజుల్లో తల్లీకూతుళ్ళు ఒకే ఏడు నీళ్ళాడడం ఎవరూ ఎరగనిదేం కాదు. అయినా ఊరు నవ్వుకునేది. వియ్యాలవారికి చెప్పుకోవడానికి మొహం చెల్లేది కాదు. నాకు సీమంతానికి సూడిదలు తెచ్చినప్పుడు అమ్మ రాకుండా మామ్మని ఎందుకు పంపిందో అప్పుడు అర్థమైంది. మామ్మ అంటే నాన్న తల్లి. ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట.

నా తరవాత అమ్మకి పుట్టిన ఇద్దరు మగపిల్లలూ ఏడాది తిరక్కుండానే పోయారు. అందుకని ఈ కానుపు మీద అందరికీ ఆశ ఉంది, భయమూ ఉంది. నాకు మాత్రం ఒకటే బాధ. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్ల అమ్మ చేత తల దువ్వించుకోవాలని, అమ్మ వండింది తినాలని చూస్తుంది. ఇక్కడ అమ్మ నన్ను చూస్తేనే సిగ్గుపడి పక్కకి తప్పుకుంటోంది. పెరట్లో బావి దగ్గర ఎదురుపడితే ఇద్దరం బిందెల వంకే చూసుకునేవాళ్ళం.

కార్తీకంలో అమ్మ ముందుగా నీళ్ళాడింది. మగపిల్లాడు. మామ్మ వీధిలోకి వెళ్ళి బెల్లం పంచింది. ఆ సంతోషం రెండు రోజులైనా నిలవలేదు. అమ్మకి జ్వరం పట్టుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోయేది. పలకరిస్తే పొంతన లేకుండా మాట్లాడేది. వైద్యుడిచ్చిన కషాయాలో, ఆవిడ ఆయుష్షు గట్టిదో, ప్రాణం నిలిచింది గాని పాలు ఎండిపోయాయి. ఒక్క చుక్క లేదు.

పిల్లాడికి ఆవుపాలలో నీళ్ళు కలిపి, వాము వేసి కాచి, ఉగ్గుగిన్నెతో పోసేవారు. సగం కక్కేవాడు, మిగతా సగం విరేచనమైపోయేది. చాకలివాళ్ళింటి నుంచి గాడిదపాలు తెప్పించారు. వెనకవీధిలో ఒక బాలింత జాలిపడి కొన్నాళ్ళు వచ్చి పాలిచ్చింది. తరవాత వాళ్ళత్త మాన్పించింది. ఆవిడని తప్పుపట్టడానికి లేదు, వాళ్ళ పిల్లకే చాలడం లేదట. పిల్లాడు రోజురోజుకీ వడలిపోయాడు. ఏడుపు కూడా సన్నగిల్లింది. చివరికి ఏడుపు వినబడకపోతేనే భయం వేసేది.

అప్పటి నుంచి మామ్మ పొద్దున్నే వచ్చి నా కడుపు మీద చెయ్యి వేసి చూసేది. "ఇంకా కిందకి దిగలేదే. ఎప్పుడే తల్లీ నువ్వు నీళ్ళాడేది?" అనేది. నా బిడ్డ కోసం కాదు, నా పాల కోసం అడుగుతోందని నాకు తెలుసు. ఆవిడ చెయ్యి తీసేదాకా ఊపిరి బిగబట్టుకుని పడుకునేదాన్ని. కడుపులో ఉన్నదాని వంతు అది పుట్టకముందే ఎవరో పంచేస్తున్నట్టుండేది. అంతలో పక్కగదిలోంచి వాడి మూలుగు వినబడేది. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

నెల తిరిగాక నాకు ఆడపిల్ల పుట్టింది. చిన్నపిల్ల, బాగా మెత్తన. కన్ను తెరవడానికే బద్ధకం. మా వైపు అప్పట్లో పురుడొచ్చిన మొదటి రోజుల్లో బిడ్డకి తల్లిపాలు పట్టేవారు కాదు. పసుప్పచ్చగా, జిగటగా వచ్చే ఆ పాలు పసిగుడ్డుకి పడవని పిండి పారబోసేవారు. బిడ్డకి కాస్త ఆముదం నాకించి, తేనెలో ముంచిన గుడ్డ నోట్లో పెట్టేవారు. మంత్రసాని పాలు పిండడానికి గిన్నె అడిగింది. మామ్మ గిన్నె తేలేదు. పక్కగదిలోకి వెళ్ళి పిల్లాణ్ణి తెచ్చింది.

"ఇయ్యి పసిగుడ్డుకి పడవు గాని, వీడు నెల దాటినవాడు. వీడికేం కాదు" అని వాణ్ణి నా పక్కన పడుకోబెట్టింది.

నన్నెవరూ అడగలేదు. నేను ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. తరవాత తరవాత, నేను తమ్ముడికి పాలిచ్చి బతికించానని చుట్టాలంతా గొప్పగా చెప్పుకున్నారు. వింటుంటే నాకు వింతగా ఉండేది. అడిగి ఉంటే ఆ క్షణంలో ఏమనేదాన్నో ఇప్పటికీ చెప్పలేను. నాకు తెలిసివచ్చేసరికి వాడి నోరు నా రొమ్ముకి ఆని ఉంది.

మొదట వాడికి చేతకాలేదు. గిన్నెతో పోయించుకున్న నోరు, చప్పరించడం మరిచిపోయింది. పెదాలు ఊరికే ఆడించాడు. మంత్రసాని వాడి బుగ్గ నొక్కి, గడ్డం కింద వేలు పెట్టి రాచింది. ఉన్నట్టుండి పట్టుకున్నాడు. ఎముకలపోగులా ఉన్న పిల్లాడిలో అంత బలం ఎక్కడిదో, నా కాలివేళ్ళు ముడుచుకుపోయాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గదిలో గుటకల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇటుపక్క నా కూతురు తేనెగుడ్డ నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. మధ్యన ఉన్నది తడికే కాబట్టి ఆ గుటకలు పక్కగదిలో అమ్మకి కూడా వినబడే ఉంటాయి. అటునుంచి చిన్న దగ్గు కూడా రాలేదు.

మూడోరోజున నా పిల్లని రొమ్ముకి పెట్టేసరికి పాలు ధారలు కట్టాయి. అది రెండు గుటకలు వేసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ రెండు గుటకలు వేసేది. లాగే ఓపిక దానికి లేదు. మంత్రసాని చూసి, "ఆ బాబు లాగబట్టి ఇంత తొందరగా పడ్డాయమ్మా. ఈ పాపొక్కత్తే అయితే నీకు పాలు పడేసరికి ఎన్నాళ్ళయ్యేదో" అంది. అంటే ఎవరు ఎవరి వంతు తిన్నారో చెప్పడం అంత తేలిక కాదు. మొన్నామధ్య రాజమండ్రి ఆస్పత్రిలో నా మనవరాలు ప్రసవిస్తే, డాక్టరమ్మ ఆ పచ్చపాలే బిడ్డకి అన్నిటికన్నా మంచివని దగ్గరుండి పట్టించింది. అవి నా కూతురికి చెందాల్సినవి, మా తమ్ముడు తాగాడు. వాడు లాగినందువల్ల వచ్చిన పాలు నా కూతురు తాగింది. ఇద్దరూ బతికారు.

మామ్మ ఒక కట్టడి చేసింది. కుడివైపు వాడిది, ఎడమవైపు దీనిది. ఒకరిది ఇంకొకరికి ఇవ్వకూడదు. అలా అయితే ఎవరికీ అన్యాయం జరగదని ఆవిడ నమ్మకం. నాకు పూటపూటకీ తెలగపిండి, మునగాకు కలిపి వండిన కూర, వెల్లుల్లి కారం, సొరచేప. ఎంత తిన్నా ఆకలే. తిన్నది తిన్నట్టే ఇద్దరూ లాగేసేవారు. నాన్న సంతలో ఏదైనా మంచి చేప కనబడితే తెచ్చి, పురిటిగది వైపు రాకుండా అరుగు మీద పెట్టి, గొంతు సవరించుకుని వెళ్ళిపోయేవాడు. కూతురికి కృతజ్ఞత చెప్పడం ఆయనకి అలా వచ్చింది.

పెరట్లో ఎవరి పిల్ల ఏడ్చినా నాకు పాలు చేపుకొచ్చేవి. వాడు ఏడిస్తే కుడివైపే తడుస్తుందేమోనని గమనించి చూశాను. రెండూ తడిసేవి. మామ్మ పెట్టిన హద్దు ఒంటికి తెలియదు.

అమ్మ మెల్లగా లేచి తిరగడం మొదలుపెట్టింది. నా కూతురికి నలుగు పెట్టడం, కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం అన్నీ ఆవిడే. ఎంతసేపైనా దాన్ని ఎత్తుకునేది. కొడుకుని మాత్రం నా ఎదుట ఎత్తుకునేది కాదు. ఎత్తుకుంటే వాడు మెడ తిప్పి నా వాసనకి వెతుక్కునేవాడు. ఒకసారి వాడికి నేను పాలిస్తుండగా అమ్మ ఏదో తీసుకోవడానికి గదిలోకి వచ్చింది. మళ్ళీ వెళ్ళబోయి ఆగింది.

"నొప్పిగా ఉంటోందా?"

"లేదమ్మా."

రొమ్ము పగిలి నెత్తురు కనబడుతూనే ఉంది. అమ్మ చూసింది. కాసేపటికి వెన్న చిన్న గిన్నెలో పెట్టి పంపింది. ఆ నెలల్లో మేమిద్దరం దాని గురించి మాట్లాడుకున్నది అంతే.

చైత్రంలో మా అత్తగారు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. వైశాఖంలో మా ఆడపడుచు పెళ్ళి పెట్టుకున్నారు. ఇంటి పెద్దకోడలు లేకుండా పెళ్ళేమిటి? పైగా ఎండాకాలం కాలవలు కట్టేస్తే పడవలు నడవవు. పసిపిల్లతో బండి ప్రయాణం అంత దూరం కష్టం. ఆవిడ వచ్చేసరికి నేను వసారాలో కూర్చుని ఇద్దరికీ ఒకేసారి పాలిస్తున్నాను. మా ఇంట్లో జరుగుతున్నది ఆవిడకి ఎవరూ చెప్పలేదు. గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఆ పిల్లాడెవరే?"

మామ్మ ఎదురెళ్ళి కాళ్ళకి నీళ్ళిచ్చి కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. మా అత్తగారు అన్నీ విన్నారు. తరవాత నా కూతుర్ని తీసుకుని కాళ్ళూ చేతులూ తడిమి చూశారు. పిల్ల బొద్దుగానే ఉంది.

"సరే. మరి ఇప్పుడేం చేద్దామనండీ?" అన్నారు మామ్మతో.

"పెళ్ళయ్యాక పంపిస్తామండీ, కాలవ వదిలాక" అంది మామ్మ.

"పెళ్ళికి అమ్మాయి లేకపోతే నలుగురూ ఏమనుకుంటారండీ? అది కుదరదు."

అప్పుడు అమ్మ లోపలి గుమ్మంలోకి వచ్చింది. వియ్యపురాలి మొహం చూడలేక గోడకేసి చూస్తూ, "వాణ్ణి కూడా తీసుకెళ్ళండి వదినగారూ. అన్నం తినేదాకా. తరవాత నేనొచ్చి తెచ్చుకుంటాను" అంది.

మామ్మ నోరు నొక్కుకుంది. నేనైతే నమ్మలేకపోయాను. అమ్మ అలా అడుగుతుందని ఎవరూ అనుకోలేదు, వాళ్ళు ఒప్పుకుంటారనీ అనుకోలేదు. మా అత్తగారు అమ్మ వంక చూసి, "మీ ఇష్టమండీ. ఒక పిల్లకి తోడు ఇంకో పిల్లాడు. మాకేం బరువు?" అన్నారు. ఆవిడ మొండిమనిషని పేరు. ఆ పేరు ఎంతవరకు నిజమో ఆవేళ నాకు తెలిసింది.

పడవ కదిలేటప్పుడు అమ్మ రేవులోకి వచ్చింది. వాడి మెడలో తాయెత్తు సర్ది, వాణ్ణి నా చేతుల్లో పెట్టి, వెనక్కి తిరిగి గట్టు ఎక్కేసింది. లాకు తలుపులు తెరిచేదాకా పడవ ఆగినప్పుడల్లా తోటి ఆడవాళ్ళు, "కవలలా అమ్మా?" అని అడిగేవారు. మొదటిసారి జరిగింది చెప్పాను. ఆ తరవాత అవునని ఊరుకున్నాను.

అత్తవారింట్లో పెళ్ళి సందడి. పిల్లలిద్దరినీ మా అత్తగారే చూసుకునేవారు. మొదట్లో, "ముందు మన పిల్లకియ్యి, తరవాత వాడికి" అనేవారు. పెళ్ళి అయ్యేసరికి వాడు ఆవిడ చంక దిగేవాడు కాదు. "వీడికి ఆకలెక్కువే, ముందు వీడికియ్యి. అది నెమ్మదస్తురాలు" అనేవారు.

కాలవ వదిలాక, తొలకరి పడ్డాక అమ్మ వచ్చింది. బియ్యం, పప్పు మూట కట్టుకుని మరీ వచ్చింది. కూతురి ఇంట్లో మెతుకు ముట్టకూడదని పట్టింపు. మా అత్తగారు ఆ మూట చూసి నవ్వారు.

"ఇన్నాళ్ళూ మీవాడు తాగిన పాలు ఈ ఇంటి అన్నమే కదండీ వదినగారూ. మీరో ముద్ద తింటే వచ్చిన తప్పేంటి?"

అమ్మ తిన్నది. తింటూ ఏడ్చింది. కాని పిల్లాడు ఆవిడ దగ్గరికి పోలేదు. ఎత్తుకుంటే ఒళ్ళు విల్లులా వంచి ఏడ్చి, నా వైపు చేతులు చాచేవాడు. అమ్మ కొన్నాళ్ళుండి వాడికి మెత్తటి అన్నం తినిపించడం అలవాటు చేసింది. వాడి కంటబడకుండా నేను వెనకింట్లో ఉండేదాన్ని. కుడిరొమ్ము రాయిలా గట్టిపడి జ్వరం వచ్చింది. మా అత్తగారు మల్లెపూలు నలిపి ఆ ఒక్కవైపే గుడ్డతో కట్టారు. అలా కడితే పాలు వెనక్కి పోతాయంటారు. ఇంటినిండా మల్లెల వాసన. ఆ వాసన చాలాకాలం నాకు సరిపడేది కాదు.

ఒక మధ్యాహ్నం వాడు నిద్రపోయాక అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కట్టు తడిసిపోతే విప్పి కొత్త పూలు పెట్టింది. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన చెయ్యే అయినా, ఆ ఏడాదిలో అమ్మ నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"వాడు బతకాలని మొక్కని దేవుడు లేడే" అంది. "నీ దగ్గర తాగుతుంటే మాత్రం చూళ్ళేకపోయేదాన్ని. నువ్వు దానికి నా మీద కోపం పెట్టుకున్నావేమో."

"నాకూ అలాగే ఉండేదమ్మా. నువ్వు నా పిల్లని ఎత్తుకుని తిప్పుతుంటే."

అమ్మ ఆశ్చర్యపోయి నా వంక చూసింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే నాకు నొప్పి పెట్టింది. "కదలకు, కదలకు" అంటూ కట్టు బిగించింది. మర్నాడు వాణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. పడవ వెళ్ళేదాకా నన్ను రేవుకి రానివ్వలేదు.

తరవాత ఏళ్ళు గడిచాయి. నాకు ఇంకా పిల్లలు పుట్టారు. తమ్ముడూ నా పెద్దకూతురూ సెలవులకి కలిసి ఆడుకునేవారు, కొట్టుకునేవారు. నా కూతురికి పదేళ్ళు వచ్చేసరికి మామ్మ మంచాన పడింది. పోయేలోగా ఇద్దరికీ పెళ్ళి చూడాలని పట్టుబట్టింది. మా వైపు మేనమామకి పిల్లనివ్వడం మామూలే. వయసు సరిపోయింది, ఇల్లు ఎరిగినదే. నాన్నకి ఇష్టమే, మా వారికీ అభ్యంతరం లేదు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు.

"వాడు నా పాలు తాగాడండీ" అన్నాను మా వారితో.

"పాలకీ పెళ్ళికీ సంబంధమేంటి? పురోహితుణ్ణి అడిగాం. శాస్త్రంలో అడ్డేమీ లేదన్నాడు" అన్నారు. నా దగ్గర ఇంకో కారణం లేదు.

మా పుట్టింటి వసారాలో పెద్దలు కూర్చుని తాంబూలాల మాట ఎత్తారు. మామ్మ మంచం కూడా అక్కడే వేశారు. మగవాళ్ళు మాట్లాడుతుంటే అమ్మ మజ్జిగ గ్లాసుల పళ్ళెం తెచ్చి కింద పెట్టింది. పెట్టి లోపలికి వెళ్ళలేదు.

"ఈ పెళ్ళి వద్దు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. నాన్న, "ఏంటే, లోపలికెళ్ళు" అన్నాడు.

"శాస్త్రంలో లేకపోతే పోనివ్వండి. వాణ్ణి కన్నది నేను. బతికించింది అమ్మాయి. ఇద్దరూ ఒకే ఒళ్ళో పడుకుని, ఒకే పాలు తాగి పెరిగారు. వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. అన్నాచెల్లెళ్ళకి ముడిపెడతామంటే నేను పీటల దగ్గరికి రాను."

నాన్నకి ఎదురు మాట్లాడడం అమ్మ జీవితంలో అదే మొదలనుకుంటాను. మాట తడబడలేదు. తలుపు వెనక నిలబడి వింటూ, తడిక అవతల దగ్గకుండా పడుకున్న మనిషేనా ఈవిడ అనుకున్నాను. మామ్మ మంచం మీంచి తిట్టింది, ఏడ్చింది. పోయేదాకా అమ్మతో సరిగ్గా మాట్లాడనే లేదు. నాన్న కూడా కొన్నాళ్ళు ముభావంగా తిరిగాడు. పెళ్ళి మాట మాత్రం ఆగిపోయింది. ఒకటి రెండేళ్ళలో నా కూతుర్ని కాకినాడ వైపు ఇచ్చాం. తమ్ముడికి ఆ తరవాత అమ్మ చూసి వచ్చిన పిల్లతో పెళ్ళయింది.

ఆ గొడవ జరిగిన సాయంత్రం తమ్ముడు నన్ను వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చాడు. చుట్టాలు ఎంత చెప్పుకున్నా, అంతవరకు వాడి చెవిన ఈ సంగతి పడలేదు.

"అక్కా, నేను నీ కొడుకునా?"

"కాదురా. అమ్మ కొడుకువే."

"మరి నీకేమవుతాను?"

"తమ్ముడివి."

నేను ఆరిన బట్టలు తీస్తుంటే వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం చీర మడతపెట్టాం.